తరావాలో పోటు రాని రోజు

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాకీ జపాన్‌కీ మధ్య జరిగిన పసిఫిక్ యుద్ధం గురించి ఎవరు చెప్పినా తరావా దగ్గరికి వచ్చేసరికి ఒక్క ముక్కలో తేల్చేస్తారు: అమెరికన్లు సముద్రపు పోటు లెక్క తప్పారు, పడవలు రీఫ్ (నీటి అడుగున ఉండే పగడపు గట్టు) మీద ఇరుక్కున్నాయి, అందుకే అంతమంది పోయారు. ఇందులో సగమే నిజం. పడవలు ఇరుక్కున్న మాట వాస్తవం. కానీ లెక్క తప్పడం అంటూ జరగలేదు, ఆ లెక్క వాళ్ళ టేబుల్ మీదే ఉంది. నీళ్ళు రావని చెప్పిన మనిషి ఉన్నాడు, వస్తాయన్నవాళ్ళూ ఉన్నారు, చివరికి అవకాశం సగం సగం అని తెలిసే పందెం కాశారు. ఎందుకు కాశారు, పందెం ఓడిపోయాక కూడా యుద్ధం ఎలా గెలిచారు అన్నదే ఈ వ్యాసం.

ముందు స్థలం. తరావా అంటే ఒక దీవి కాదు, పసిఫిక్ మధ్యలో భూమధ్యరేఖకి కాస్త పైన త్రికోణం ఆకారంలో పేర్చినట్టున్న చిన్న చిన్న పగడపు దీవుల వరస. ఆ త్రికోణం మధ్యలో ఉండే ప్రశాంతమైన నీళ్ళని లగూన్ అంటారు. అప్పట్లో గిల్బర్ట్ దీవులు, బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉండేవి. ఇప్పుడు కిరిబాటి అనే దేశం (రాసేది కిరిబాటి, వాళ్ళు పలికేది కిరిబాస్). 1943 నవంబరులో యుద్ధం జరిగింది నైరుతి మూలనున్న బెటియో అనే ఒక్క దీవి మీద. పొడవు సుమారు 3 కిలోమీటర్లు, బాగా వెడల్పున్న చోట కూడా 700 మీటర్ల పైచిలుకు, అంతే. సముద్రమట్టానికి మూడు మీటర్లకి మించి లేచిన నేల లేదు. ఆ చివర నుంచి ఈ చివరకి తీరిగ్గా నడిచినా గంట పట్టదు. ఇంత చిన్న చోట 76 గంటల్లో రెండు వైపులా కలిపి దాదాపు 6,000 మంది చనిపోయారు.

అంత చిన్న దీవి ఎందుకు కావలసి వచ్చిందంటే, రన్‌వే కోసం. జపాన్ వాళ్ళు 1941 డిసెంబరులోనే గిల్బర్ట్ దీవుల మీద అడుగుపెట్టారు, తర్వాత బెటియో మీద విమానాశ్రయం కట్టారు. అమెరికా నేవీకి అసలు కావలసింది ఉత్తరాన ఉన్న మార్షల్ దీవులు. వాటి మీద దాడి చెయ్యాలంటే ముందు ఫొటోలు తియ్యాలి, బాంబులు వెయ్యాలి, దానికి దగ్గరలో ఒక రన్‌వే కావాలి. అలా బెటియో దారిలో పడింది. పసిఫిక్‌లో అమెరికా నౌకాదళ అధిపతి అడ్మిరల్ నిమిట్జ్ ఆదేశాల మీద తయారైన ఈ ప్లాన్‌కి ఆపరేషన్ గాల్వానిక్ అని పేరు పెట్టారు.

ఇంకో సంగతి కూడా ఉంది. 1942 ఆగస్టులో అమెరికన్ మెరైన్లు (ఓడల్లో వచ్చి ఒడ్డున దిగి పోరాడే దళం) ఈ దీవుల్లోనే ఉన్న మకిన్ మీద చిన్న మెరుపుదాడి చేసి వెళ్ళిపోయారు. అప్పటికది పెద్ద సాహసం, పేపర్లలో పేరొచ్చింది. కానీ దానివల్ల జపాన్‌కి ఈ వైపు తలుపు తెరిచి ఉందని అర్థమైంది. ఆ తర్వాత ఏడాది పైగా బెటియోని కోట కింద మార్చేశారు. తుపాకి పేల్చి పక్షిని లేపినట్టు, లేపింది అమెరికన్లే.

ఆ కోట ఎలా కట్టారో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే తర్వాత జరిగిందంతా దాన్నిబట్టే. బెటియోలో దొరికేవి రెండు, కొబ్బరి చెట్లు, పగడపు ఇసుక. ఆ రెండిటికీ బయట నుంచి తెచ్చిన సిమెంటు, ఇనుప పట్టాలు కలిపారు. కొబ్బరి మొద్దు సంగతి కోనసీమ వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, గొడ్డలి పెడితే టేకులా పలకలుగా చీలదు, పీచు పీచుగా ఉండి దెబ్బని మింగేస్తుంది. బుల్లెట్ తగిలినా అంతే, షెల్ (ఫిరంగి గుండు) ముక్క తగిలినా అంతే. మొద్దులు వరసగా పేర్చి, పైన ఇంకో వరస అడ్డంగా వేసి, దాని మీద మీటర్ల మందాన ఇసుక పోస్తే బయటికి కనబడేది ఒక దిబ్బ మాత్రమే. ఇలాంటి బంకర్లు వందల కొద్దీ, ఒకదాని ముందు నుంచి నడిచే మనిషి ఇంకోదాని గురిలో పడేలా కట్టారు. తీరం పొడవునా ఛాతీ ఎత్తున కొబ్బరి దుంగల గోడ. దీవి చుట్టూ పెద్ద ఫిరంగులు, వాటిలో నాలుగు 8 అంగుళాలవి. ఆ నాలుగూ సింగపూర్‌లో బ్రిటిష్ వాళ్ళ దగ్గర పట్టుకున్నవని చాలాకాలం చెప్పుకున్నారు, కాదు, 1905 ప్రాంతంలో బ్రిటిష్ కంపెనీ నుంచి జపాన్ డబ్బులిచ్చి కొన్నవే.

లోపల ఉన్నది దాదాపు 4,800 మంది. అందులో పోరాడగలిగిన నేవీ దళాలు సగం పైచిలుకు, మిగతావాళ్ళు నిర్మాణ కూలీలు, వాళ్ళలో ఇంచుమించు 1,200 మంది కొరియా నుంచి తెచ్చినవాళ్ళు. ఈ యుద్ధం వాళ్ళది కాదు, దీవి వాళ్ళది కాదు, తప్పించుకునే దారీ లేదు. కమాండర్ రియర్ అడ్మిరల్ కేయిజి షిబజాకి. పది లక్షల మంది వందేళ్ళు పోరాడినా ఈ దీవిని తీసుకోలేరని అన్నాడని చెబుతారు. అన్నాడో లేదో గానీ, ఆ నమ్మకం పూర్తిగా పొగరు కాదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. బెటియో దక్షిణ తీరం, పడమటి తీరం సముద్రం వైపు ఉన్నాయి, జపాన్ వాళ్ళు దాడి అటు నుంచే వస్తుందని మైన్లు, అడ్డంకులు ఎక్కువగా అటే పెట్టారు. కాబట్టి అమెరికన్లు ఉత్తరం వైపు, లగూన్‌లోకి దూరి వెనక గుమ్మంలోంచి రావాలనుకున్నారు. మంచి ఆలోచనే. అయితే లగూన్ వైపు ఒడ్డుకి ముందు కొన్ని వందల మీటర్ల మేర పగడపు రీఫ్ బల్లపరుపుగా పరుచుకుని ఉంది. పోటు సమయంలో దాని మీద నీళ్ళు నిలుస్తాయి, పాటు సమయంలో మోకాలి లోతో, అంతకన్నా తక్కువో ఉంటాయి. మెరైన్లని ఒడ్డుకి చేర్చే హిగ్గిన్స్ బోటు నిండా మనుషులతో ఉంటే కనీసం మూడున్నర అడుగుల నీళ్ళు కావాలి. నాలుగైదు అడుగులు ఉంటే నిశ్చింత, మూడే ఉంటే పడవ రీఫ్ అంచునే ఆగిపోతుంది. దీవి భవిష్యత్తు ఒక అడుగు నీళ్ళ మీద ఆధారపడిందంటే అతిశయోక్తి కాదు.

నమ్మదగ్గ టైడ్ టేబుల్స్ (పోటుపాటుల వేళల పట్టికలు) లేవు. అందుకని ఆ నీళ్ళలో ఏళ్ళ తరబడి ఓడలు నడిపిన, ఆ దీవుల్లో ఉద్యోగాలు చేసిన బ్రిటిష్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ళని పోగేసి అడిగారు. ఎక్కువమంది అయిదడుగులు ఉంటాయన్నారు. మేజర్ ఫ్రాంక్ హాలండ్ అనే ఆయన మాత్రం, ఆయన తరావాలో చాలా ఏళ్ళు ఉండి పోటుపాటులు గమనించిన మనిషి, ఆ తేదీన దాడి అని వినగానే అడ్డం తిరిగాడు. మూడడుగులు కూడా గ్యారంటీ లేదన్నాడు. నెలలో కొన్ని రోజులు అక్కడ నీళ్ళు మాట వినవు, రావలసిన వేళకి రావు, వచ్చినా అరకొరగా వస్తాయి, దాన్ని అక్కడివాళ్ళు దొంగాట పోటు అన్నట్టుగా పిలుస్తారు.

ఇందులో మాయ ఏమీ లేదు. సముద్రంలో వేటకెళ్ళేవాళ్ళని ఎవర్నడిగినా చెబుతారు, అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువ, మధ్యలో అష్టమి రోజుల్లో నీళ్ళు పెద్దగా ఎక్కవు, పెద్దగా దిగవు. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉండి లాగితే నీరు బాగా పొంగుతుంది, లంబంగా చెరోవైపు లాగితే ఒకరి పని ఇంకొకరు చెడగొడతారు. 1943 నవంబరు 20, అంటే దాడి రోజు, మన లెక్కలో కార్తీక బహుళ అష్టమి ప్రాంతం. అది చాలదన్నట్టు చంద్రుడు తన కక్ష్యలో భూమికి దూరంగా ఉండే స్థానానికి కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే చేరాడు, అంటే లాగే బలం ఇంకా తగ్గింది. ఈ రెండో కారణం అప్పట్లో ఎవరి బుర్రకీ తట్టలేదు. 1987లో డొనాల్డ్ ఓల్సన్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త లెక్క కట్టి తేల్చాడు, 1943 మొత్తంలో ఈ రెండూ ఇంత దగ్గరగా కలిసిన సందర్భాలు రెండే, ఒకటి ఏప్రిల్‌లో, రెండోది తరావా దాడి వేళ. దురదృష్టం అనే మాట మనం ఊరికే వాడేస్తాం గానీ ఇక్కడ నిజంగా వాడొచ్చు.

అయినా సరే, అష్టమి సంగతి తెలుసు కదా, వారం ఆగొచ్చు కదా? ఆగలేకపోవడానికి కారణం షెడ్యూల్. మార్షల్ దీవుల దాడికి తేదీ పెట్టేశారు, నౌకలన్నీ దాని వెనకే వరసలో ఉన్నాయి. పైగా కొత్త రకం యుద్ధం ఇది, వందల ఓడలు ఒకే చోటికి ఒకే రోజు చేరాలి, ఒక్క తేదీ కదిపితే అన్నీ కదులుతాయి. ఆఫీసులో డెడ్‌లైన్ టెన్షన్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, తప్పని తెలిసినా "ఇప్పుడు మార్చలేం" అనే మాట ముందు అన్ని వాదనలూ ఓడిపోతాయి.

రెండో మెరైన్ డివిజన్ కమాండర్ జనరల్ జూలియన్ స్మిత్‌కి ప్లాన్‌లో మిగతావీ నచ్చలేదు. పక్కనే ఉన్న బైరికి దీవిని ముందురోజే పట్టుకుని అక్కడ ఫిరంగులు పెడతామన్నాడు, కుదరదన్నారు. బాంబుదాడి ఎక్కువ రోజులు చెయ్యమన్నాడు, మూడు గంటలు చాలన్నారు. తన మూడు రెజిమెంట్లలో ఒకదాన్ని రిజర్వు పేరుతో తీసేసుకున్నారు. ఆయన చేసిన పనేంటంటే, ఎదురుగా వెళ్ళి దాడి చెయ్యమని లిఖితపూర్వకంగా ఆర్డర్ ఇమ్మని అడిగాడు. ఏ ఉద్యోగికైనా ఆ మాట వెనక అర్థం తెలుస్తుంది.

మూడు గంటలే ఎందుకు? నేవీ భయం నేవీది. దీవి కదలదు, దాని పక్కన నిలబడ్డ ఓడలూ కదలవు, జపాన్ సబ్‌మెరైన్లకీ విమానాలకీ అంతకన్నా సులువైన గురి ఉండదు. పసిఫిక్‌లోనే ట్రక్ అనే దీవిలో జపాన్ నౌకాదళం ఉంది. కాబట్టి వెంటనే వచ్చి, వెంటనే కొట్టి, వెంటనే పోవాలి. ఈ భయాన్ని పిరికితనం అని కొట్టిపారేసిన వ్యాసాలు చూశాను, అది అన్యాయం, ఎందుకో చివర్లో చెబుతాను.

పోటు రాకపోతే ఏం చెయ్యాలి అన్నదానికి ఒకే ఒక్క జవాబు దొరికింది, ఆమ్‌ట్రాక్. ఇది ట్యాంకులా గొలుసు చక్రాల మీద నడిచే పడవ, నీళ్ళలో ఈదుతుంది, రీఫ్ ఎక్కుతుంది, ఇసుక మీద పాకుతుంది. మొదట దీన్ని తయారు చేసింది యుద్ధం కోసం కాదు, ఫ్లోరిడా చిత్తడి నేలల్లో తుపాను బాధితుల్ని కాపాడడానికి డొనాల్డ్ రోబ్లింగ్ అనే ఇంజనీరు చేశాడు. మెరైన్లు దాన్ని అప్పటిదాకా సామాన్లు మోసే బండిగానే వాడారు. మనుషుల్ని కూర్చోబెట్టి నేరుగా కాల్పుల్లోకి పంపాలన్న ఆలోచన బెటియో కోసమే పుట్టింది, దాని వెనక ముఖ్యంగా ఉన్నది ప్లానింగ్ చూసిన డేవిడ్ షూప్. పాత ఆమ్‌ట్రాక్‌లు 75 ఉన్నాయి, అంతకుముందు గ్వాడల్‌కెనాల్ దీవి యుద్ధంలో అరిగిపోయినవి, రేకు డబ్బాల్లాంటివి, వాటికి న్యూజిలాండ్‌లో ఇనుప పలకలు బిగించారు. ఇంకా కావాలంటే నేవీ ఒప్పుకోలేదు. అప్పుడు జూలియన్ స్మిత్‌కి పైఅధికారి, కోర్ కమాండర్ హోలండ్ స్మిత్, కోపం ఎక్కువని పేరున్న మనిషి, ఆమ్‌ట్రాక్‌లు లేకపోతే ఆపరేషనే లేదు పొమ్మన్నాడు. ఇంకో 50 వచ్చాయి. మొత్తం 125.

ఇక్కడ లెక్క ఒక్కసారి చూడండి. 125 బండ్లతో మొదటి మూడు వరసలే వెళ్ళగలవు. నాలుగో వరస నుంచి అందరూ హిగ్గిన్స్ బోట్లలో రావలసిందే. అంటే పందెం మొత్తం నాలుగో వరస మీద కాశారు.

నవంబరు 20 తెల్లవారకముందే కాల్పులు మొదలయ్యాయి. దీవి మీద ఆ పొద్దున పడింది దాదాపు 3,000 టన్నుల మందుగుండు. ఓడల మీద నుంచి చూసినవాళ్ళకి దీవి పొగలో కనబడకుండా పోయింది, ఇంక అక్కడ ఎవరు బతికుంటారు అనుకున్నారు. కానీ చదునైన దీవి మీదికి దగ్గర నుంచి అడ్డంగా కాల్చిన షెల్ నీళ్ళ మీద వేసిన బిళ్ళ రాయిలా ఎగిరి అవతల సముద్రంలో పడుతుంది, ఇసుక దిబ్బలోకి దిగదు. దిగాలంటే దూరం నుంచి ఎత్తుగా కాల్చాలి, అది పైనుంచి నిట్టనిలువుగా పడాలి, గుచ్చుకున్న తర్వాత పేలాలి. ఆ రోజు అలా జరిగింది తక్కువ. బయట కనబడే పెద్ద ఫిరంగులు చాలావరకు పోయాయి. దిబ్బల కింద ఉన్న మెషిన్‌గన్లు చెక్కుచెదరలేదు.

వీటికి తోడు చిన్న చిన్న తప్పులు గొలుసుకట్టుగా వచ్చాయి. ప్రధాన నౌక మేరీలాండ్ తన సొంత ఫిరంగుల అదురుకి తన రేడియోలు తనే పాడుచేసుకుంది, అందులోనే కమాండర్లందరూ ఉన్నారు. ఎదురు ప్రవాహానికి ఆమ్‌ట్రాక్‌లు ఆలస్యమయ్యాయి. 8:30 అనుకున్నది 8:45 అయింది, తర్వాత 9 అయింది. పొగలో సొంతవాళ్ళకే తగులుతుందేమోనని ఓడలు కాల్పులు ఆపేశాయి, అప్పటికింకా ఆమ్‌ట్రాక్‌లు ఒడ్డుకి పావుగంట దూరంలో ఉన్నాయి. జపాన్ సైనికులు తేరుకుని దక్షిణం వైపు నుంచి ఉత్తరం వైపుకి పరిగెత్తడానికి ఆ పావుగంట సరిపోయింది.

మొదటి ఆమ్‌ట్రాక్ 9:10కి ఒడ్డు తాకింది. మొదటి మూడు వరసల్లో నష్టం ఉన్నా చాలామంది దుంగల గోడ దాకా చేరారు. ప్లాన్‌లో అనుకున్నది పనిచేసింది. అప్పుడు నాలుగో వరస వచ్చింది.

బోట్లు రీఫ్ అంచుకి కొట్టుకుని ఆగిపోయాయి. ముందు తలుపు కిందికి దించితే ఎదురుగా కనబడింది అరకిలోమీటరుకి పైగా నీళ్ళు. నడుములోతు, కొన్నిచోట్ల ఛాతీ లోతు, బాంబులు పడ్డ గుంటల దగ్గర నిలువులోతు. మోసుకునే బరువుతో, తుపాకి తలమీదికెత్తి పట్టుకుని, పరిగెత్తడానికి వీల్లేక, పడుకోవడానికి వీల్లేక, అడుగులో అడుగు వేసుకుంటూ నడవాలి. నీళ్ళలో నడవడం ఎంత నెమ్మదో గోదావరిలో దిగిన ఎవరికైనా తెలుసు. ఒడ్డు మీది మెషిన్‌గన్లకి అన్ని కొలతలూ ముందే తెలుసు. లగూన్‌లోకి చొచ్చుకొచ్చిన ఒక పొడవాటి జెట్టీ ఉంది, దాని స్తంభాల చాటున కొంతమంది ప్రాణాలు దక్కించుకున్నారు. రేడియోలు నీళ్ళలో తడిసి మూగబోయాయి, దాంతో ఒడ్డు మీద ఎంతమంది ఉన్నారో, ఎక్కడున్నారో ఓడల్లో వాళ్ళకి తెలీదు. ఉన్న ఆమ్‌ట్రాక్‌లు ఒడ్డుకీ రీఫ్‌కీ మధ్య షటిల్ బస్సుల్లా తిరిగి మనుషుల్ని మోశాయి, ఒక్కొక్కటీ తగలబడుతూ వచ్చాయి. యుద్ధం ముగిసేసరికి 125లో 90 పోయాయి.

సాయంత్రానికి 5,000 మంది దాకా దిగితే, అందులో 1,500 మంది చనిపోయారు లేదా గాయపడ్డారు. పట్టుకున్నదేమిటంటే ఒడ్డున కొన్ని ముక్కలు. చాలాచోట్ల ముందు దుంగల గోడ, వెనక సముద్రం. ఆ గోడని జపాన్ వాళ్ళు మెరైన్లని ఆపడానికి కట్టారు, అదే ఇప్పుడు మెరైన్లకి చాటైంది. గోడ దాటి తల ఎత్తితే బుల్లెట్. గోడ చాటున కూర్చుంటే రాత్రికి ఎదురుదాడి.

ఒడ్డు మీద కమాండ్ షూప్‌దే. ప్లాన్ వేసినవాడే అమలు చెయ్యాల్సి వచ్చింది, ఎందుకంటే రెజిమెంట్ కమాండర్ జబ్బుపడితే చివరి నిమిషంలో ఈయన్ని కల్నల్ చేసి ఆ చోట పెట్టారు. ఒడ్డుకి వస్తూ కాలికి దెబ్బ తగిలింది, జెట్టీ పక్కన నడుములోతు నీళ్ళలో నిలబడి ఆర్డర్లు వేశాడు, తర్వాత ఒక జపాన్ బంకర్ గోడకి ఆనుకుని తన కమాండ్ పోస్ట్ పెట్టాడు. ఆ బంకర్ ఖాళీ కాదు, లోపల జపాన్ సైనికులు ఇంకా ఉన్నారు. పేల్చేస్తే ఆనుకున్న గోడే పోతుంది. అందుకని ప్రతి కన్నం దగ్గరా ఒక కాపలా మనిషిని పెట్టి, గోడకి ఇవతల తన పని తను చేసుకున్నాడు. ఈ యుద్ధం మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయే దృశ్యం ఇదే.

ఆ రాత్రి అందరూ ఎదురుచూసిన ఎదురుదాడి రాలేదు. నా దృష్టిలో తరావా మలుపు ఇక్కడుంది, పోటు గురించి రాసినంతగా దీని గురించి ఎవరూ రాయరు. పొద్దున్నుంచి పడ్డ 3,000 టన్నులు బంకర్లని పగలగొట్టలేదు గానీ, నేలమీద పరిచిన టెలిఫోన్ తీగల్ని తుక్కుతుక్కు చేశాయి. షిబజాకి తన సొంత కాంక్రీటు బంకర్‌ని గాయపడ్డవాళ్ళకి ఇచ్చేసి, ఇంకో చోటికి మారడానికి అధికారులతో సహా బయటికి వచ్చాడు, ఓడల నుంచి వచ్చిన షెల్ ఒకటి ఆ గుంపులో పేలింది. మొదటిరోజు మధ్యాహ్నమే కమాండర్ పోయాడని తర్వాత జపాన్ వైపు నుంచి తెలిసిన వివరాలు చెబుతున్నాయి. అమెరికన్లకి ఇది ఏళ్ళ తరబడి తెలీదు. ఒడ్డున నీళ్ళకి ఆనుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్న మెరైన్ల మీదికి ఆ రాత్రి రెండు వేల మంది ఒకేసారి వచ్చుంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. రాలేదు, ఎందుకంటే రమ్మని చెప్పేవాడు లేడు, చెప్పినా వినబడే దారి లేదు. ప్రతి బంకరూ తన కన్నంలోంచి కనబడినంత మేర ప్రాణం పోయేదాకా పోరాడింది. పక్క బంకర్‌తో కలిసి పోరాడలేదు. కోట ఎంత గట్టిగా కట్టినా తీగలు పైనే వదిలేశారు.

రెండోరోజు పొద్దున ఇంకా ఘోరం. దాదాపు ఇరవై గంటలు బోట్లలోనే నలిగిన ఒక బెటాలియన్‌ని దింపారు. పోటు అప్పుడూ రాలేదు. నిన్నటి రీఫ్, నిన్నటి నడక, కాకపోతే ఈసారి రాత్రికి రాత్రి జపాన్ సైనికులు ఈదుకుంటూ వెళ్ళి విరిగిన ఓడల్లోనూ, ఆగిపోయిన ఆమ్‌ట్రాక్‌లలోనూ మెషిన్‌గన్లు పెట్టారు, కాల్పులు వెనక నుంచి కూడా వచ్చాయి. 300 మందికి పైగా ఆ ఒక్క బెటాలియన్‌లోనే నేలకూలారు.

కానీ ఆ రోజే పడమటి మూల ఇంకో కథ నడిచింది. మేజర్ మైఖేల్ రయన్ అనే కంపెనీ కమాండర్, తన పైఅధికారి ఒడ్డుకి చేరలేకపోతే, చెల్లాచెదరైన రకరకాల దళాల మనుషుల్ని పోగేసుకున్నాడు. మొదటిరోజు ముందుకు చొచ్చుకెళ్ళినా, వెనక వదిలేసిన బంకర్లని పేల్చడానికి మంట చిమ్మే ఫ్లేమ్‌త్రోయర్లు, పేలుడు పదార్థాలు లేక సాయంత్రానికి వెనక్కి వచ్చేశాడు. రెండోరోజు ఓడలకి గురి చెప్పే అధికారి ఒకడు, పనిచేసే రేడియోతో సహా దొరికాడు. ఇక డిస్ట్రాయర్ (వేగంగా తిరిగే చిన్న యుద్ధనౌక) ఒక్కో బంకర్‌నీ పేరు పెట్టి పిలిచినట్టు కొట్టింది, రయన్ మనుషులు వెనకే నడిచారు, గంటలోపే పడమటి తీరం మొత్తం చేతికొచ్చింది. మూడు గంటల గుడ్డి కాల్పులు చెయ్యలేనిది గంటసేపు చూసి కొడితే అయింది. ఆ సాయంత్రం అదే తీరంలో మేజర్ విలియం జోన్స్ బెటాలియన్ రబ్బరు పడవల్లో దిగింది, చెక్కుచెదరకుండా ఒడ్డు చేరిన మొదటి బెటాలియన్ అదే. మధ్యాహ్నానికి నీళ్ళు కూడా ఎట్టకేలకు పెరిగాయి. ఆ సాయంత్రం షూప్ పంపిన మెసేజ్ ఇంచుమించు ఇలా ఉంటుంది: నష్టం చాలా ఉంది, చనిపోయినవాళ్ళ శాతం తెలీదు, పోరాట సామర్థ్యం విషయానికొస్తే, గెలుస్తున్నాం.

మూడోరోజు నుంచి అది యుద్ధం కన్నా ఒక పని పద్ధతిలా మారింది. ట్యాంకో మెషిన్‌గనో బంకర్ కన్నం మీద కాలుస్తూ లోపలివాళ్ళ తల ఎత్తనివ్వదు, ఆ చాటున ఇద్దరు ముగ్గురు పాక్కుంటూ వెళ్ళి కన్నంలో డైనమైట్ పడేస్తారు, ఫ్లేమ్‌త్రోయర్ మనిషి మంట కొడతాడు, బుల్డోజర్ ఉంటే ఇసుక తోసి కన్నాలు మూసేస్తుంది. తూర్పు వైపు జెట్టీ దగ్గర రెండురోజులుగా అందర్నీ ఆపేసిన పెద్ద ఇసుక దిబ్బ బంకర్‌ని ఇలాగే తీశారు. లెఫ్టినెంట్ అలెగ్జాండర్ బోనీమన్ కొద్దిమందితో దాని నెత్తిమీదికి ఎక్కి గాలి గొట్టాల్లోంచి లోపలికి మంట, పేలుడు పదార్థాలు పంపించాడు, లోపలివాళ్ళు ఒక్కసారిగా బయటికి వచ్చారు, బోనీమన్ అక్కడే చనిపోయాడు. ఆయన అవశేషాలు బెటియో ఇసుకలో మళ్ళీ దొరికింది 2015లో.

22 రాత్రి జపాన్ వాళ్ళు చివరికి కట్టకట్టుకుని వచ్చారు, జోన్స్ బెటాలియన్ మీదికి. రెండురోజులు ఆలస్యం. తెల్లారేసరికి మెరైన్ల లైను ముందు వందల శవాలు. 23 మధ్యాహ్నానికి దీవి పడిపోయింది. అమెరికన్లలో 1,000 మందికి పైగా మరణించారు, 2,000 మందికి పైగా గాయపడ్డారు. 4,800 మంది రక్షకుల్లో పట్టుబడ్డది 146 మంది, వాళ్ళలో 129 మంది కొరియన్ కూలీలు, జపాన్ వాళ్ళు 17 మందే.

అమెరికాలో పేపర్లలో నీళ్ళలో తేలుతున్న శవాల ఫొటోలు చూసి జనం గగ్గోలు పెట్టారు. ఒక చిన్న దీవికి ఇంత ఖర్చా అని. హోలండ్ స్మిత్ కూడా యుద్ధం అయ్యాక అసలు తరావాని పక్కన పెట్టి వెళ్ళాల్సింది అన్నాడు. ఈ వాదన ఇప్పటికీ తెగలేదు. నేనైతే నేవీ వైపు కూడా కాస్త చూడాలంటాను, ఎందుకంటే ఉత్తరాన మకిన్ దీవి మీద అదే రోజు దిగిన ఆర్మీ నెమ్మదిగా, జాగ్రత్తగా వెళ్ళింది, కొద్దిమంది రక్షకులున్న దీవికి నాలుగు రోజులు పట్టింది. వాళ్ళకి కాపలాగా ఆగిన ఓడల్లో లిస్కమ్ బే అనే చిన్న విమానవాహక నౌకని 24 తెల్లవారుజామున జపాన్ సబ్‌మెరైన్ ముంచేసింది. ఒక్క దెబ్బకి 644 మంది. మకిన్ నేల మీద పోయినవాళ్ళు అందులో చిన్న వంతు. త్వరగా వెళ్తే మెరైన్లు చస్తారు, నెమ్మదిగా వెళ్తే నావికులు చస్తారు, ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలన్నదే తేడా. నేవీ మొదట్లో పడ్డ భయం ఊరికే పడ్డది కాదు.

తర్వాత చేసిన పనులు చూస్తే వాళ్ళు దేన్ని తప్పుగా లెక్కించారో తెలుస్తుంది. బెటియో బంకర్లని కొలతలతో సహా కొలిచి, హవాయిలోని కహోలావే దీవి మీద అచ్చం అలాంటివే కట్టి, ఏ షెల్ ఎంత దూరం నుంచి ఏ కోణంలో పడితే పగులుతాయో కాల్చి చూసుకున్నారు. ఆమ్‌ట్రాక్‌లు వందల్లో తెప్పించారు, వాటిలో కొన్నిటికి ఫిరంగులు బిగించారు. రేడియోలకి నీళ్ళు తగలకుండా చూశారు, కమాండర్ల కోసం ఫిరంగులు పేల్చే యుద్ధనౌక కాకుండా వేరే ఓడ పెట్టారు. రీఫ్ దగ్గరికి ఈదుకుంటూ వెళ్ళి లోతు చూసొచ్చే ప్రత్యేక దళాలు తయారయ్యాయి. రెండు నెలల తర్వాత మార్షల్ దీవుల్లోని క్వాజలీన్ మీద దాడిలో, బెటియో కన్నా పెద్ద సేన ఎదురైనా, అమెరికన్ మృతులు 400 దాటలేదు. అక్కడ ముందు పక్క దీవులు పట్టుకుని ఫిరంగులు పెట్టారు. జూలియన్ స్మిత్ బైరికి గురించి అడిగింది అదే.

బెటియో ఇప్పుడు కిరిబాటిలో బాగా ఇరుకైన ఊరు, ఇళ్ళ మధ్యలో తుప్పు పట్టిన ఫిరంగులు, బంకర్లు అలాగే ఉన్నాయి. లగూన్ వైపు రీఫ్ మీద గుంటలో దిగబడి ఆగిపోయిన షెర్మన్ ట్యాంక్ ఒకటి ఉంది, పోటులో మునుగుతుంది, పాటులో తేలుతుంది.